అమెరికా క్లాసులో అరబిక్: ఫుస్‌హానా, కైరో వాడుక భాషా?

ఫుల్‌బ్రైట్ ఎఫ్ఎల్‌టీఏ (అమెరికా కాలేజీల్లో తమ భాష నేర్పడానికి విదేశీ టీచర్లకిచ్చే) ఫెలోషిప్ మీద కైరో నుంచి అమెరికా వెళ్లిన అరబిక్ టీచర్‌కు చేతిలో ఉండేది సుమారు 9 నెలలే. ఏ అరబిక్ నేర్పాలి?

ఫుస్‌హా, అంటే గ్రాంథిక అరబిక్, వస్తే పత్రికలు చదవొచ్చు, వార్తలు వినొచ్చు. మొరాకో నుంచి ఇరాక్ దాకా చదువుకున్నవాళ్లకు అర్థమవుతుంది. కానీ ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. పుస్తకంలో రొట్టె 'ఖుబ్జ్'. కైరో బేకరీలో అదే 'ఐష్', అంటే బతుకు అని కూడా! 'ఏం కావాలి?' అనడానికి ఫుస్‌హాలో 'మాదా తురీద్', కైరోలో 'ఆయిజ్ ఏహ్'. గ్రాంథికం, వ్యావహారికం గొడవ పడ్డ మనకు ఈ చిక్కు బాగా తెలుసు.

వాడుక భాషకూ హద్దుంది: మొరాకో వీధుల్లో మాట్లాడే అరబిక్ వేరు. అయినా నా ఓటు కైరో వాడుక భాషకే. వ్యాకరణం ప్రొఫెసర్ ఎలాగూ చెబుతారు. 'ఐష్' అని నోరారా పలికించగలిగేది ఆ ఊరి మనిషే.