స్పితిలో పది రోజులు: తాబోకి రెండు రాత్రులు తక్కువే

హిమాచల్‌లో టిబెట్ సరిహద్దున ఉన్న స్పితి లోయ టూర్ ఎలా ఉంది, అమ్మానాన్నలని తీసుకెళ్ళొచ్చా, హోమ్‌స్టేలు బాగుంటాయా అని ఈ నెలలో నలుగురు అడిగారు. విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాస్తే నయమనిపించింది. ముందే చెప్పేస్తాను, డబ్బు దండగ కాలేదు, కానీ ఇదే ప్లాన్‌తో మాత్రం మళ్ళీ వెళ్ళను.

సెప్టెంబరు రెండో వారంలో వెళ్ళాం. సిమ్లాలో ఎక్కించుకుని మనాలీలో దింపే ప్యాకేజీ, తొమ్మిది రాత్రులు, మనిషికి 34 వేలు. టెంపో ట్రావెలర్, గదులు, పొద్దున టిఫిను, రాత్రి భోజనం, స్పితికే చెందిన ఒక గైడు అందులోనే. మధ్యాహ్నం భోజనం, చండీగఢ్ దాకా విమానం మన ఖర్చు. మొత్తం తొమ్మిదిమందిమి. నేనూ, 64 ఏళ్ళ మా అమ్మా, విజయవాడ నుంచి రిటైరైన టీచరు దంపతులు, మిగతా ఐదుగురు బెంగాలీలు.

ఈ టూర్లో నాకు బాగా నచ్చింది సిమ్లా వైపు నుంచి వెళ్ళడం. చాలామంది మనాలీ నుంచి ఒక్కరోజులో స్పితిలో పెద్ద ఊరైన కాజా చేరిపోతారు. అంటే పొద్దున రెండు వేల మీటర్ల ఎత్తులో టీ తాగి, మధ్యాహ్నానికి నాలుగున్నర వేల మీటర్లు దాటిన కుంజుమ్ కనుమ ఎక్కి, రాత్రికి కాజాలో తలపట్టుకుని పడుకోవడం. సిమ్లా నుంచి కిన్నౌర్ జిల్లా మీదుగా వెళ్తే ఒళ్ళు మెల్లగా అలవాటు పడుతుంది. సరాహన్, కల్పా, తాబో, కాజా, ఇలా మెట్లెక్కినట్టు. రోజులు ఎక్కువ పడతాయి, కానీ పెద్దవాళ్ళుంటే వేరే ఆలోచనే వద్దు. అమ్మకి బీపీ ఉంది కాబట్టి బయల్దేరే ముందు డాక్టరుని అడిగి, ఆయన చెప్పిన మాత్రలే తీసుకెళ్ళాం. ఎవరో వేసుకున్నారని మీరూ ఎత్తు పడకుండా వాడే డయామాక్స్ మాత్రలు కొనుక్కుని వేసేసుకోకండి.

సరాహన్ ఒక్క రాత్రే. భీమాకాళి గుడి చాలా బాగుంది, ఒక వరస రాయి, ఒక వరస దేవదారు దూలం పేర్చుకుంటూ కట్టిన గోడలు. లోపలికి వెళ్ళాలంటే తలమీద టోపీ ఉండాలి, తోలు బెల్టు, పర్సు బయటే పెట్టాలి. కల్పాలో రెండు రాత్రులు. గది కిటికీ తెరిస్తే ఎదురుగా కిన్నెర కైలాసం, కింద యాపిల్ తోటలు. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, రాజ్మా అన్నం పెట్టారు. ఇక్కడి నుంచే అమ్మకి ధైర్యం వచ్చింది.

కల్పా నుంచి తాబో రోజు మాత్రం పొడుగాటి ప్రయాణం. ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలుస్తుంది, అక్కడి నుంచి చెట్టు అన్నది కనిపించదు, అంతా రాయి, మట్టి, మధ్యలో సన్నటి రోడ్డు. విజయవాడ మాస్టారుగారు శ్రీశైలం ఘాట్‌లో కూడా నిద్రపోయే మనిషినన్నారు, ఇక్కడ కన్నార్పలేదు. నాకో అనే ఊరి చెరువు గట్టున భోజనానికి ఆగాం. గూయె ఊళ్ళో కూర్చున్న భంగిమలోనే ఉండిపోయిన లామా శరీరాన్ని కూడా అదే రోజు చూపించారు. 1975లో వచ్చిన భూకంపం తర్వాత బయటపడిందట. చూడాల్సిందే, కానీ ప్రధాన రోడ్డు నుంచి పక్కకి వెళ్ళి రావాలి, అప్పటికే అందరూ అలిసిపోయారు. గ్లాసు పెట్టె ముందు మేం నిలబడింది ఐదు నిమిషాలు.

ఇక తాబో. నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఈ ఊరే.

బయటి నుంచి చూస్తే ఏమీ ఉండదు. ఎత్తైన మట్టిగోడ, లోపల మట్టితో కట్టిన గుళ్ళు, గుండ్రటి మూలలు, సున్నం కూడా లేదు. బెంగాలీ బృందంలో ఒకమ్మాయి ఇదేనా అని గట్టిగానే అంది. 996లో పశ్చిమ టిబెట్ రాజు యేషే ఓద్ కట్టించిన ఆరామం ఇది, కొండమీది కోటలా ఫొటోకి అందంగా ఉండే రకం కాదు. గైడు మమ్మల్ని వెంటనే లోపలికి తీసుకెళ్ళలేదు. మొదటి రోజు సాయంత్రం బయట ప్రదక్షిణ మాత్రం చేయించి, రేపు పొద్దున ఎండ బాగా వచ్చాక వెళ్దాం, మీ టార్చిలైట్లు ఛార్జింగ్ పెట్టుకోండి అన్నాడు. అప్పుడు విసుగనిపించింది, మర్నాడు అర్థమైంది.

ప్రధాన ఆలయం లోపల చీకటి. కిటికీలు లేవు, పైకప్పు మధ్యలోంచి వచ్చే కొంచెం వెలుతురే. కళ్ళు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు అలాగే నిలబడమన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కటే కనిపించడం మొదలైంది. చుట్టూ గోడలకి, మన తలకంటే పైన, గాలిలో కూర్చున్నట్టుగా మట్టితో చేసిన ముప్పైకి పైగా దేవతా మూర్తులు, దాదాపు మనిషంత. మధ్యలో నాలుగు దిక్కులకీ నాలుగు మూర్తులుగా వైరోచన బుద్ధుడు. వెయ్యేళ్ళ మట్టి బొమ్మలు. కళ్ళు, పెదాలు, వేళ్ళ మధ్య సందులు ఇంకా అలాగే ఉన్నాయి. అమ్మ గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు. లోపల ఫొటోలు తీయనివ్వరు, అదే మంచిదయింది, అందరం ఫోన్లు వదిలేసి చూశాం.

ఆ మూర్తుల కింద గోడ పొడుగునా ఒక బొమ్మల కథ ఉంది. గైడు టార్చి ఆ గోడమీద నెమ్మదిగా జరుపుతూ చెప్పాడు. సుధనుడని ఒక షావుకారు కొడుకు, జ్ఞానం కోసం ఇల్లు వదిలి ఒక గురువు దగ్గర్నుంచి ఇంకో గురువు దగ్గరికి, అలా యాభైమందికి పైగా గురువుల దగ్గరికి నడుచుకుంటూ వెళ్తాడు. వాళ్ళలో సన్యాసులే కాదు, వైద్యుడూ, పడవ నడిపేవాడూ, వర్తకుడూ, ఆడవాళ్ళూ, చిన్నపిల్లలూ ఉన్నారు. గండవ్యూహ సూత్రమనే బౌద్ధ గ్రంథంలోని కథ. సుధనుడిది ఏ ఊరని మాస్టారుగారు అడిగితే, దక్షిణాదిలో ధన్యాకరం అని చెప్పాడు. మాస్టారుగారు నావైపు తిరిగి, "ఏమ్మా, ధాన్యకటకం కాదు కదా?" అన్నారు. అది మన ధాన్యకటకమేనని భావించే పండితులు ఉన్నారు. మా ఇంటికి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న అమరావతి. గుంటూరులో పుట్టి పెరిగి, స్కూలు విహారయాత్రకి రెండుసార్లు ఆ స్తూపం దగ్గరికెళ్ళి పులిహోర తిని వచ్చిన నాకు ఆ కుర్రాడి కథ తెలియదు. చైనా సరిహద్దు దగ్గరి చీకటి గదిలో, వెయ్యేళ్ళ నాటి గోడమీద దొరికింది.

బయటికొచ్చాక ఇంకోటి జరిగింది. జపమాల తిప్పుకుంటూ ఎండలో కూర్చున్న ఒక పెద్దాయన, లామా, ఎక్కడి నుంచి వచ్చారని హిందీలో అడిగారు. ఆంధ్ర అంటే ఆయనకి తట్టలేదు. అమరావతి అన్నాను. వెంటనే రెండు చేతులూ నుదుటికి ఆనించి "పల్దెన్ డ్రెపుంగ్" అన్నారు. గైడు అర్థం చెప్పాడు. డ్రెపుంగ్ అంటే ధాన్యపు రాశి, ధాన్యకటకాన్ని టిబెటన్‌లో అలా అంటారు. లాసా దగ్గరున్న పెద్ద మఠానికి పేరు పెట్టుకున్నది కూడా దీన్ని తలుచుకునే. బుద్ధుడు కాలచక్ర తంత్రమనే బోధని అక్కడి స్తూపం దగ్గర బోధించాడని వాళ్ళ నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో ఆ కాలచక్ర దీక్షలు జరిపినప్పుడు ఈయనా వచ్చారట. జనవరిలో కూడా అంత ఎండేమిటని నవ్వుతూ అడిగారు, కృష్ణ ఒడ్డునా, అరటిపళ్ళూ గుర్తున్నాయన్నారు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ఆర్టీసీ బస్సు నిండా ఎర్రబట్టల వాళ్ళుంటే సీటు దొరకలేదని చిరాకు పడ్డ రోజు నాకూ గుర్తుంది. అమ్మ సంచిలోంచి బెల్లం అచ్చు ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తెల్లటి ఖతగ్ వస్త్రం అమ్మ మెడలో వేశారు.

ఇలాంటిది ఏ బ్రోషర్‌లోనూ రాదు, కానీ వీలు కల్పించింది మాత్రం గైడే. మీరు టూర్ మాట్లాడుకునేటప్పుడు హోటల్ ఎన్ని నక్షత్రాలో అడక్కండి, గైడు ఏ ఊరివాడు, గొంపల్లో, అంటే బౌద్ధ మఠాల్లో, లోపలి బొమ్మలు వివరించగలడా, లేక డ్రైవరే గైడా అని అడగండి. మా వాడికి గదిలోకి ఎప్పుడు తీసుకెళ్ళాలో, ఎప్పుడు మాట్లాడకుండా ఉండాలో రెండూ తెలుసు. తాబోలో బస మఠానికి దగ్గర్లో ఒక గెస్ట్‌హౌస్. మామూలు గదులు, మందపాటి రజాయిలు, రాత్రి ఏడున్నరకే భోజనం. థుక్పా అనే నూడుల్స్ సూప్, ఆవిరిమీద ఉడికించిన తింగ్మో రొట్టె, పప్పు. మా కందిపొడి, గోంగూర పచ్చడి రెండో రోజుకే బెంగాలీల పళ్ళేల్లోకి కూడా వెళ్ళాయి.

తాబో నుంచి ధన్‌కర్. ఒకప్పుడు స్పితికి రాజధాని. పిన్ నది వచ్చి స్పితిలో కలిసే చోట, కరిగిపోతున్న మట్టి దిబ్బల కొసన వేలాడుతున్నట్టుండే పాత గొంప, 3,894 మీటర్లు. లోపల ఒకేసారి ఎక్కువమందిని పంపరు, కట్టడం అంత సున్నితంగా ఉంది. పైన సరస్సు దాకా గంటసేపు ఎక్కాలి, అమ్మా నేనూ వెళ్ళలేదు, వెళ్ళినవాళ్ళు బాగుందన్నారు.

అసలు ఇబ్బందులు కాజాలో మొదలయ్యాయి. కార్యక్రమంలో కాజాలో ఒక రాత్రి, లాంగ్జా ఊళ్ళో హోమ్‌స్టేలో ఒక రాత్రి అని స్పష్టంగా రాసి ఇచ్చారు. అక్కడికెళ్ళాక టూర్ ఆఫీసు నుంచి ఫోన్, రెండు రాత్రులూ కాజా హోటల్లోనే, లాంగ్జాలో గదులు లేవని. గైడు ఊళ్ళోకి ఫోన్ చేసి కనుక్కుంటే గదులున్నాయి. గట్టిగా అడిగాం. చివరికి నలుగురు తెలుగువాళ్ళం చెరో 1,200 అదనంగా కట్టుకుని లాంగ్జాలో దిగాం. ఆ డబ్బు వెనక్కిస్తామన్నారు, ఇంతవరకూ రాలేదు. కాజా హోటల్ గది నిజానికి పెద్దదే, టీవీ కూడా ఉంది, కానీ ఆ టీవీ కోసమా అంత దూరం వెళ్ళింది?

రెండో తప్పు ఇంకా పెద్దది. కీ గొంప, కిబ్బర్, చిచమ్ వంతెన, హిక్కిం, కోమిక్, లాంగ్జా, అన్నీ ఒకే రోజులో. కీ గొంప స్పితిలో అన్నిటికంటే పెద్దది, 4,166 మీటర్ల ఎత్తులో శంకువులాంటి గుట్టమీద ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు గదులు. లామాలు మాకు వంటగదిలో మూలికల టీ ఇచ్చారు. ఆ టీ చల్లారకముందే డ్రైవరు హారన్. నలభై నిమిషాల్లో ఏం చూస్తాం? హిక్కింలో పోస్టాఫీసు నుంచి అందరూ కార్డులు పంపుకున్నారు, నేనూ పంపాను, అది గుంటూరు చేరింది కూడా. కానీ కోమిక్ చేరేసరికి, అంటే నాలుగున్నర వేల మీటర్లు దాటాక, బెంగాలీ పెద్దాయనకి ఆయాసం వచ్చింది. బండిలో ఆక్సిజన్ సిలిండర్ ఉందని ముందే చెప్పారు. ఉంది, ముల్లు సున్నా దగ్గరుంది. గైడు క్షణం ఆలస్యం చేయకుండా మమ్మల్ని లాంగ్జాలో దింపి, ఆయన్ని కాజా ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కిందికి దిగాక కుదుటపడ్డారు. దయచేసి బయల్దేరే రోజే సిలిండర్ ముల్లు మీ కళ్ళతో చూసుకోండి, ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

లాంగ్జా రాత్రి గురించి చెప్పాలి. మట్టి ఇల్లు, కింద పశువులు, పైన మనుషులు, ఇంటి కప్పుమీద చలికాలానికి పేర్చిన గడ్డి. వంటగది మధ్యలో ఇనప పొయ్యి, దాని చుట్టూ పరుపులు. ఇంటావిడ "జూలే" అని పలకరిస్తూ వచ్చి, అమ్మని పొయ్యికి దగ్గరగా కూర్చోబెట్టి ఉప్పూ వెన్నా వేసిన టీ పోసింది. అది టీ అనుకుని తాగితే నచ్చదు, పల్చటి సూప్ అనుకుని తాగితే ఒళ్ళు వెచ్చబడుతుంది. మరుగుదొడ్డి మాత్రం పొడిది, నేలలో కన్నం, పక్కన మట్టి, పార. నీళ్ళు వాడరు, ఆ ఎరువే బార్లీ చేలకి వెళ్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టమే, మాస్టారుగారి భార్య చాలా ఇబ్బంది పడ్డారు. అందుకే పెద్దవాళ్ళతో వెళ్తే బుక్ చేసేముందే కమోడ్ ఉన్న ఇల్లు కావాలని అడగండి, ఇప్పుడు కొన్నిళ్ళల్లో ఉంటున్నాయి. పొద్దున పిల్లలు నత్తగుల్లల్లాంటి శిలాజాలు అమ్మడానికి తెచ్చారు. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేదనడానికి సాక్ష్యం అవి. కొనకండి, ఆ కొండల్లోనే ఉండనివ్వండి. పిల్లలకి మేం పెన్నులు ఇచ్చాం.

చంద్రతాల్ దగ్గర టెంట్లలో చివరి రాత్రి, తర్వాతి రోజు మనాలీ. సరస్సు అందమే, కాదనను. చలికి అమ్మ రాత్రంతా నిద్రపోలేదు, మనాలీ దారిలో బాతల్ నుంచి గ్రాంఫూ దాకా రోడ్డు అనే మాట వాడలేం, రాళ్ళమీదా వాగుల్లోంచీ వెళ్ళడమే. 60 దాటినవాళ్ళుంటే చంద్రతాల్ తీసేసి, ఆ రాత్రిని తాబోకో ధన్‌కర్‌కో ఇవ్వమని అడగండి.

ఇంకో మాట, అమెరికా నుంచి వచ్చే పిల్లలతో వెళ్దామనుకునేవాళ్ళకి. మనకి అవసరం లేదు కానీ, విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి కిన్నౌర్ నుంచి తాబో వైపు వెళ్ళాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. రికాంగ్ పియోలో ఇస్తారు, దానికి పని దినం ఒకటి లెక్కలో పెట్టుకోండి. ఎక్కువ నగదు దగ్గరుంచుకోండి, కాజా దాటితే ఏటీఎం మీద ఆధారపడలేం.

అమ్మ మళ్ళీ వెళ్దామంటోంది. ఈసారి టూర్ వద్దు, అదే గైడుతో విడిగా మాట్లాడుకున్నాం. తాబోలో నాలుగు రాత్రులు, లోపలికి వెళ్ళడం మూడుసార్లు, రెండో గోడమీద ఉన్న బుద్ధుడి జీవితకథ మేం సరిగ్గా చూడనే లేదు. ఆ లామా కోసం బెల్లం ఈసారి రెండు కిలోలు.