ఒకే బ్లేడు రేజర్, పటిక: ఏళ్ల తరబడి వాడాక

గడ్డం గీసుకున్న ప్రతిసారీ మెడ కింద ఎర్రగా పొక్కులు లేచే వాళ్లకోసం రాస్తున్నా. ఒకే బ్లేడు వేసి పిడి తిప్పి బిగించే పాతకాలపు స్టీలు రేజర్‌ని చాలా ఏళ్లుగా వాడుతున్నాను, మళ్లీ మూడు బ్లేడ్లు, ఐదు బ్లేడ్ల వాటి జోలికి పోను. అవి నున్నగా గీస్తాయి, నిజమే, కానీ ముందు బ్లేడు లాగిన వెంట్రుకను వెనకది చర్మం లోపలికి పోయేంత పొట్టిగా కోసేస్తుంది, అది లోపలే వంకర తిరిగి పెరిగితే పొక్కు. ఉంగరాల జుట్టు ఉన్నవాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. నాకైతే సరిగ్గా ఆ పొక్కుల మీదే హెల్మెట్ పట్టీ రాసుకునేది, ఎండాకాలం తిరుపతి నుంచి రేణిగుంట దాకా బండి మీద పోతే చెమట కూడా తోడై ప్రాణం పోయేది.

రేజర్ ఒక్కటీ మారిస్తే చాలదు. మా బోరు నీళ్లకు నురగే సరిగా రాదు, సబ్బు తెల్లగా తెట్టు కట్టి చర్మానికి అంటుకుంటుంది, అందుకే గడ్డానికి మాత్రం ఒక చెంబు తాగే నీళ్లు పక్కన పెట్టుకుంటా. గీసేది స్నానం అయ్యాకే, నానిన వెంట్రుక తేలిగ్గా తెగుతుంది (తిరుమల కల్యాణకట్టలో కూడా తల బాగా తడిపాకే కదా గుండు గీస్తారు). నొక్కొద్దు, రేజర్ బరువే సరిపోతుంది. మెడ మీద వెంట్రుకలు ఒక్కోచోట ఒక్కో వైపు వాలి ఉంటాయి, వేళ్లతో రాసి చూసి, గరగరలాడని వైపే గీయాలి.

చివర్లో చల్లనీళ్లు, పటిక. దిష్టికి గుమ్మానికి కడతామే, అదే, పూజ సామాన్ల అంగడిలో దొరుకుతుంది. తడి ముఖం మీద రాసి, ఒక నిమిషం ఆగి కడిగేయాలి, వదిలేస్తే చర్మం ఎండి బిగుసుకుపోతుంది. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ గట్టిగా నొక్కామని తెలిసిపోతుంది, నా చెయ్యి కుదిరింది దీనివల్లే.

లోపాలూ ఉన్నాయి. టైం ఎక్కువ పడుతుంది, కొత్తలో గాట్లు పడతాయి, బ్లేడ్లను విమానంలో చేతి సంచిలో పెట్టుకోనివ్వరు. పొక్కుల్లో చీము పట్టి ఉంటే మాత్రం ఏ రేజరూ వద్దు, మానేదాకా ట్రిమ్మర్‌తో కొంచెం పొడవు వదిలి కత్తిరించుకుని, చర్మం డాక్టర్‌కి చూపించుకోండి.