మద్రాసు ట్రాక్ మీద మూడు రోజులు, 17 ల్యాపులు

లెక్క ముందే చెప్పేస్తాను. హైదరాబాద్ నుంచి మద్రాసు ట్రాక్ ఉన్న ఇరుంగట్టుకోట్టై వెళ్ళి రావడానికి 1,250 కిలోమీటర్లకు పైనే తిరిగాం. ట్రాక్ మీద నా కారు తిరిగింది 17 ల్యాపులు, అంటే 63 కిలోమీటర్లు. మూడు రేసులకు పేరిచ్చి ఒక్కటి కూడా పూర్తి చెయ్యలేదు. కానీ ఎక్కడ దిగాలో, ఎక్కడ దిగకూడదో, శనివారం సాయంత్రం ఇంజిన్ హెడ్ చేత్తో పట్టుకుని ఎవరి గుమ్మం ముందు నిలబడాలో మాత్రం బాగా తెలిసొచ్చింది. ఆ వైపు వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

నాది మారుతి ఎస్టీమ్. 2007లో తయారీ ఆపేసిన కారుతో ఇంకా రేసులేమిటని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది. 1,298 సీసీ ఇంజిన్, తేలికైన బాడీ, సామాను చవక, చేతి పని తెలిసిన మెకానిక్ ఎవరైనా కళ్ళు మూసుకుని విప్పగలడు. నెల జీతం మీద రేసులు ఆడేవాడికి ఇంతకంటే ఏం కావాలి? హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగితే నేనూ టికెట్ కొనుక్కుని చూశాను, మరుసటి ఏడాది జరగాల్సింది రద్దయింది. ఏదేమైనా అది వాళ్ళ ఆట. మా బోటివాళ్ళు ఆడాలంటే మద్రాసో కోయంబత్తూరో పోవాల్సిందే.

గురువారం తెల్లవారుజామున 4 గంటలకు నేను, మా బామ్మర్ది, మా మెకానిక్ భాయ్ బయల్దేరాం. రేసు కారు ముందురోజు రాత్రే ఫ్లాట్‌బెడ్ ఎక్కి వెళ్ళిపోయింది. మేం విజయవాడ దాకా పోకుండా నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరిగి, మిర్యాలగూడ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ళ, అద్దంకి మీదుగా మేదరమెట్ల దగ్గర ఎన్‌హెచ్ 16 ఎక్కాం. మద్రాసు వెళ్ళేవాళ్ళకు నేను ఎప్పుడూ ఈ దారే చెప్తాను, బెజవాడ ట్రాఫిక్ తప్పుతుంది. ఒంగోలు దాటుతుండగా ఫ్లాట్‌బెడ్ డ్రైవర్ ఫోన్, "సార్, ముందు చక్రం తాడు వదులైంది, బండి జానెడు జరిగింది". రానూపోనూ 38,000 తీసుకున్నవాళ్ళు కారును కట్టింది నైలాను తాళ్ళతో! కారు కింద పడలేదు గానీ బంపర్ ఒకవైపు ఒరుసుకుపోయింది. వాళ్ళను మళ్ళీ పిలవను. మీరు ఎవరిని మాట్లాడుకున్నా సరే, రాచెట్ బెల్టులు నాలుగు సొంతంగా కొని, దగ్గరుండి కట్టించుకోండి.

నెల్లూరులో చేపల పులుసు తిని, షోలవరం దగ్గర అవుటర్ రింగ్ రోడ్ ఎక్కాం. ఈ షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీదే ఒకప్పుడు మద్రాసు రేసులు జరిగేవి, రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే అది. ఆ కథ చెప్పబోతే మా బామ్మర్ది అప్పటికే నిద్రపోయాడు.

ట్రాక్ గురించి చెప్పాలంటే నాకు దాని మీద పక్షపాతం ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు కట్టుకున్నది, ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు, 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. మెయిన్ స్ట్రెయిట్ చివర సీ1 అనే కుడి మలుపులోకి ఎస్టీమ్ లాంటి చిన్న బండితో పోతున్నా కడుపులో ఏదో కదులుతుంది. ఎండలో నిలబడి జెండాలూపే మార్షల్స్‌కి మాత్రం ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. రేసుకు ముందు బండిని తనిఖీ చేసే స్క్రూటినీలో ఒకాయన హెల్మెట్, బెల్టులు, మంటలార్పే సిలిండర్ అన్నీ చూసి, రేడియేటర్ పక్కన నేను కట్టిన కూల్‌డ్రింక్ బాటిల్‌ని వేలితో తట్టి, గట్టిగా కట్టుకో అన్నాడు. పొంగిన నీళ్ళు పట్టుకోవడానికి పెట్టిన బాటిల్ అది. దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

శుక్రవారం మొదటి ప్రాక్టీసులో నాలుగో ల్యాపుకే టెంపరేచర్ ముల్లు పైకి పాకింది. లోపలికి తెస్తే రేడియేటర్ ఫ్యాన్ తిరగట్లేదు, ఫ్యూజ్ కరిగిపోయింది. హమ్మయ్య, ఇంతేనా అనుకున్నాం. భాయ్ ఫ్యాన్‌కి నేరుగా వైరు లాగి డాష్‌బోర్డు మీద స్విచ్ పెట్టాడు, థర్మోస్టాట్ వాల్వ్ కూడా పీకేశాడు. రెండో సెషన్‌లో ఫ్యాన్ రోటర్లా తిరుగుతోంది, ముల్లు మాత్రం ఐదో ల్యాపుకి మళ్ళీ అక్కడికే. "బావా, బాటిల్ నిండిపోయింది చూడు" అన్నాడు మా బామ్మర్ది. వేడెక్కితే నిండదా మరి, నువ్వు నీళ్ళు పొయ్యి ముందు, అన్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే కుర్రాడు ఇంజిన్ గురించి చెప్తే వినే స్థితిలో లేను ఆ రోజు.

ఆ రాత్రి బస గురించి. శ్రీపెరుంబుదూర్ బస్టాండ్ దగ్గర లాడ్జ్, రోజుకి 1,400, ఆన్‌లైన్‌లో "విశాలమైన పార్కింగ్" అని రాశారు. గేటు దాటి మా కారు తోలడానికే అద్దాలు మడవాల్సి వచ్చింది, ఫ్లాట్‌బెడ్ రోడ్డు మీదే పడుకుంది. గీజర్ ఉంది, దానికి స్విచ్ లేదు. దోమల సంగతి వదిలెయ్యండి, ఆ ఊళ్ళో అది లాడ్జ్ తప్పు కాదు. కానీ పొద్దున్నే గ్రీజు మరకలున్నాయని మూడు తువ్వాళ్ళకు 600 బిల్లు వేశారు చూడండి, అక్కడ నాకు కాలింది. రెండు రాత్రులకు కట్టిన డబ్బుల్లో ఒక రాత్రివి వదులుకుని శనివారం బయటికొచ్చేశాం. రేసులకు వెళ్ళేవాళ్ళు ఇంటి నుంచి పాత లుంగీలు రెండు తీసుకెళ్ళండి, చేతులు తుడుచుకోవడానికి వాటిని మించింది లేదు.

శనివారం క్వాలిఫైయింగ్, అంటే రేసులో ఎవరు ఏ వరసలో నిలబడాలో ల్యాప్ టైముతో తేల్చేది. మూడు ల్యాపులు. రెండో ల్యాపు 2 నిమిషాల 11 సెకన్లు, నాకు అది మంచి టైమే, మూడో దాంట్లో ఇంకా తగ్గేదే. సగంలో వెనకనుంచి తెల్లటి పొగ, మంచులా. పిట్‌లోకి వచ్చి నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కితే రేడియేటర్ నోట్లోంచి బుడగలు. భాయ్ నా వైపు చూశాడు, నేను భాయ్ వైపు చూశాను. హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజిన్‌కీ దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య ఉండే పలచటి పొర అది. మధ్యాహ్నం రేసు నేను లేకుండానే జరిగింది, నేను గోడ మీంచి చూశాను. నా క్లాసులో గెలిచిన బండీ ఎస్టీమే.

బామ్మర్దిని గ్యాస్కెట్ కోసం పుదుపేటకు తరిమాను. తెలియనివాళ్ళకు చెప్తున్నా, ఎగ్మోర్ పక్కన కూవం ఒడ్డున ఉంటుంది పుదుపేట, పాత బండ్ల సామాన్లకు అది మహా సముద్రం, మన దగ్గర ఏ ఊళ్ళోనూ అంత పెద్దది చూడలేదు నేను. ట్రాక్ నుంచి 35 కిలోమీటర్లే గానీ పూనమల్లి రోడ్డు మీద శనివారం గంటన్నర పడుతుంది. మొదటి కొట్టువాడు వేరే ఇంజిన్‌ది అంటగట్టాడు, బోల్టు రంధ్రాలు కలవకపోతే "అదే సార్, అదే" అన్నాడట. నయం, మావాడు వీడియో కాల్ చేసి చూపించాడు. నాలుగో కొట్టులో అసలుది దొరికింది, 850. పుదుపేట వెళ్తే పాత భాగాన్ని చేత్తో పట్టుకెళ్ళండి, ఫోటో చాలదు, కొని రసీదు అడిగితే నవ్వుతారు.

ఇక హెడ్ ఫేసింగ్. వేడెక్కిన హెడ్ వంగిపోతుంది, చదును చేయించకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే మళ్ళీ ఊదేస్తుంది. సాయంత్రం ఐదున్నరకు సిప్‌కాట్ పారిశ్రామికవాడ చుట్టుపక్కల లేత్ షాపులన్నీ షట్టర్లు దించుతున్నారు. నాకొచ్చిన తమిళం "అన్నా, అర్జెంట్" దగ్గరే ఆగిపోతుంది. ఆరో షాపులో షట్టర్‌కి తాళం వేస్తున్న ముసలాయన మా మాటలు విని, "తెలుగోళ్ళా నాయనా?" అన్నాడు. చిత్తూరు వైపు ఆయన, అక్కడికొచ్చి స్థిరపడి చాలా ఏళ్ళయిందట. తాళం మళ్ళీ తీశాడు.

హెడ్‌ని బల్ల మీద పెట్టి, మీద స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి, సందులో ఫీలర్ గేజ్ అనే పలచటి కొలత రేకు దూర్చాడు. 0.12 మిల్లీమీటర్లు. వెంట్రుక మందం కంటే పెద్ద ఎక్కువేం కాదు, కానీ హెడ్‌కి అది చాలు. మిషను ఎక్కిస్తూ అడిగాడు, "ఎందుకు కాగింది?" ఫ్యాన్ ఆగిపోయింది అన్నాను. "ఫ్యాను బాగు చేసినాక గూడా కాగింది గదా?" అవును. "నీళ్ళు బాటిల్‌లోకి ఎగదన్నతా ఉండాయా?" నేను మాట్లాడలేదు, మా బామ్మర్ది నా మొహం చూస్తున్నాడు. "రేడియేటర్ మూత చూసినారా?"

చూడలేదు. 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచే మూత అది. సరిగ్గా పట్టి ఉంచితే లోపల నీళ్ళు 118 డిగ్రీల దాకా మరగవు, అచ్చం ప్రెషర్ కుక్కర్ లెక్క. గ్యాస్కెట్ అరిగిన కుక్కర్‌లో పప్పు ఉడకనట్టే, మూత రబ్బరు పోతే నీళ్ళు నూరు దగ్గరే మరిగి, పొంగి, బాటిల్‌లోకి పోతాయి, ఇంజిన్ ఎండిపోతుంది. రాత్రి టార్చి వేసి చూస్తే రబ్బరు అంచు బీటలు వారి ఉంది. 150 రూపాయల మూత. దాన్ని వదిలేసి రెండు రోజులు ఫ్యాన్‌తో కుస్తీ పట్టాం. ఆ రాత్రంతా మా బామ్మర్ది ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది.

పెద్దాయన 1,200 అడిగాడు, నేను 2,000 ఇస్తానంటే "ఎనిమిది నూర్లు ఎందుకు నాయనా" అని కసిరాడు. తీరా చూస్తే నా జేబులో 700 ఉంది, ఫోన్ చార్జ్ అయిపోయింది, మిగతా 500 ఊరెళ్ళి పంపించు పో అన్నాడు. మూడు రోజుల్లో నాకు దొరికిన ఉత్తమ సర్వీసు అదే, బోర్డు కూడా సరిగా లేని ఆ రేకుల షెడ్డు.

రెండో బస కొరియా ఇంజినీర్ల కోసం నడిపే సర్వీస్ అపార్ట్‌మెంట్. హ్యుందాయ్ ఫ్యాక్టరీ పక్కనే కదా, ఆ చుట్టుపక్కల కొరియన్ హోటళ్ళు బోలెడు. రోజుకి 3,600, మొదట ఖరీదనిపించింది. ఒంటిగంటకు ఒళ్ళంతా ఆయిల్‌తో వెళ్తే వాచ్‌మన్ ఏమీ అడగకుండా గేటు తీశాడు, వేడి నీళ్ళు, వాషింగ్ మిషన్, లారీ పట్టే ఆవరణ. పొద్దున టిఫిన్‌లో పొంగల్ పక్కనే కిమ్చి. భాయ్ దాన్ని రుచి చూసి, మన ఆవకాయకి దూరపు చుట్టం అని తేల్చాడు. ఇకముందు ముగ్గురం వెళ్తే అక్కడే.

ఆదివారం ఉదయం ఇంజిన్ స్టార్ట్ అయింది గానీ దగ్గుతోంది. నిద్రమత్తులో టైమింగ్ బెల్ట్ ఒక పన్ను జరిపి వేశాం. విప్పి, గుర్తులు కలిపి, మళ్ళీ వేసేసరికి గ్రిడ్ పిలుపు వచ్చేసింది. చివరి వరసలో నిలబడ్డాను. ముల్లు మధ్యలో, కదలకుండా. మూడు ల్యాపుల్లో ఇద్దరిని దాటాను. నిజం చెప్పొద్దూ, ఆ మూడు ల్యాపుల కోసమే ఈ దరిద్రమంతా భరిస్తాం. ఐదో ల్యాపులో సీ1కి ముందు బ్రేక్ తొక్కితే పెడల్ నేలకు తగిలింది. రెండుసార్లు పంపు చేస్తే ఏదో పట్టింది, గడ్డిలో ఆగాను. ఇది ఎవరి మీదా తొయ్యడానికి లేదు, పోయిన ఏడాది తెరిచిన డబ్బాలో మిగిలిన బ్రేక్ ఆయిల్ పోసింది నేనే. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, తేమ చేరితే తొందరగా మరుగుతుంది, మరిగితే పైపుల్లో బుడగలు, బుడగల్ని ఎంత తొక్కినా బ్రేక్ పడదు. ఇదంతా నేనే నలుగురికి పాఠం చెప్పినవాణ్ణి.

కొత్త డబ్బా తెచ్చి గాలి తీసి మూడో రేసుకి వెళ్ళాను. రేసు మొదలయ్యే ముందు అందరూ వరసగా తిరిగే ఫార్మేషన్ ల్యాప్‌కి జెండా ఊపారు, క్లచ్ తొక్కాను, టప్‌మంది. కేబుల్. స్పేర్ కేబుల్ ఉంది, హైదరాబాద్‌లో, మా ఇంటి అటక మీద. ఇద్దరు మార్షల్ కుర్రాళ్ళు కారు తోసుకుంటూ పక్కకు పెట్టారు, ఒకడు మంచినీళ్ళు ఇచ్చాడు.

తిరుగు దారిలో అందరూ అడిగే ప్రశ్న నేనూ వేసుకున్నాను, కోయంబత్తూరు వెళ్ళి ఉంటే ఎలా ఉండేదని. చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వే మాకు ఇంకో 250 కిలోమీటర్లు దూరం, ట్రాక్ చిన్నది, మెలికలెక్కువ. కరివర్ధన్ పేరు పెట్టారు దానికి, 1988లో ఫార్ములా మారుతి కార్లు తయారు చేసి మాబోటి జనానికి రేసింగ్ అందేలా చేసిన మనిషి. ట్రాక్‌గా నాకు మద్రాసే ఇష్టం. కానీ మోటార్లు, పంపులు, ఫౌండ్రీల ఊరు కాబట్టి సందుకో లేత్ షాపు ఉంటుంది, బండి చెడిపోవడానికి కోయంబత్తూరంత మంచి ఊరు లేదు. కొత్తగా కట్టిన ఇంజిన్‌తో వెళ్తే అటు, నమ్మకమైన ఇంజిన్ ఉంటే ఇటు, నేనైతే అలా చూసుకుంటాను.

మంగళవారం పెద్దాయనకు 500 పంపించి ఫోన్ చేశాను.

"హెడ్డు ఎట్లుండాది?" అన్నాడు.

"చల్లగా ఉంది పెద్దాయనా, ఒక్క చుక్క కారలేదు. క్లచ్ వైరు తెగింది."

"వైర్లు మేం చెయ్యం నాయనా" అని పెట్టేశాడు.