ఎర్ర లైటున్న హెడ్‌టార్చి: నక్కల కోసం చెరువు గట్టున నాలుగు రాత్రులు

తలకి కట్టుకునే ఈ టార్చిని నేను కొన్నది రొయ్యల చెరువు కోసం కాదు, నక్కల్ని చూడటానికి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆన్‌లైన్‌లో దీని కింద రివ్యూలు రాసినవాళ్లందరూ రాత్రిపూట రొయ్యలు మేత తిన్నాయో లేదో చెక్ ట్రేల్లో చూసుకునేవాళ్లు, కరెంటు పని చేసుకునేవాళ్లు. వాళ్లకి కావాల్సింది తెల్ల లైటు. నాకు కావాల్సింది దాని పక్కనే ఉన్న చిన్న ఎర్ర లైటు. దాని గురించి ఒక్కరూ రాయలేదు.

ధర 1,150 రూపాయలు. ఛార్జింగ్ టైప్-సి. లోపల 18650 అనే రకం రీఛార్జబుల్ సెల్లు ఒకటి ఉంటుంది, అది పాడైతే తీసి వేరేది వేసుకోవచ్చు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే వస్తువుని నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, స్టిక్కరు ఒక్కటే తేడా. ముందు పెద్ద తెల్ల లైటు, పక్కన చిన్న ఎర్ర లైటు, పైన ఒకే ఒక్క రబ్బరు బటన్ కనిపిస్తే అదే ఇది. ఆ బటన్ గురించి చెప్పాల్సింది చాలా ఉంది.

మాది కోనసీమలో కాట్రేనికోన దగ్గర పల్లెటూరు. సముద్రం మూడు కిలోమీటర్లు. ఒడ్డున ఇసుక పర్రలో సరుగుడు తోటలు, వాటికి ఇవతల రొయ్యల చెరువులు, ఇంకా ఇవతలికి వస్తే వరి, కొబ్బరి. నా చిన్నప్పుడు దీపాలు పెట్టే వేళకి సరుగుడు తోటలో ఒక నక్క ఊళ అందుకునేది. దానికి ఇంకోటి బదులిచ్చేది, ఆపైన ఎక్కడో కాలవ అవతల ఇంకోటి. అలా ఊరి చుట్టూ ఒక చుట్టు తిరిగి ఆగిపోయేది. మా నాయనమ్మ అది విన్నాకే రాత్రి వంటకి పొయ్యి రాజేసేది. ఇప్పుడు చెరువు నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ల హోరులో ఆ ఊళ చెవిన పడటమే తగ్గిపోయింది. అరవై ఏళ్లు నక్క కూత వింటూ బతికినా, నక్కని నిలబడి అరనిమిషం చూసింది మాత్రం లేదు. బండి వెలుతురులో రోడ్డు దాటుతుంటే తోక కనిపించేది, అంతే.

మొదటిసారి తీరుబడిగా చూసింది అమెరికాలో, అదీ నక్కని కాదు, కయోటీని. 2023లో మా అమ్మాయి దగ్గరికి టెక్సాస్ వెళ్లాను. నాతో పాటు ఐదో తరగతి నుంచీ చదువుకున్న స్నేహితుడు అక్కడే ఉంటాడు. వాడికి వేట అలవాటైంది. టెక్సాస్‌లో కయోటీ వేటకి ఫలానా నెలల్లోనే అన్న నియమం లేదు. లైసెన్సు ఉండి, పొలం యజమాని ఒప్పుకుంటే చాలు. గొర్రెపిల్లల్నీ మేకపిల్లల్నీ ఎత్తుకుపోతుందని అక్కడి రైతులకి దాని మీద కోపం, అందుకని వాళ్లే పిలిచి మరీ రమ్మంటారు. కయోటీ మన నక్కకి దగ్గరి చుట్టమే. మన నక్క ఎనిమిది, పది కిలోలు తూగితే అది 10 నుంచి 20 దాకా ఉంటుంది.

వాళ్లు దాన్ని వెతుక్కుంటూ వెళ్లరు, పిలుస్తారు. చిన్న స్పీకరు ఒకటి మనకి నలభై, యాభై అడుగుల దూరంలో పెట్టి, కుందేలు ప్రాణభయంతో కీచుమనే కేక అందులో వినిపిస్తారు. కాసేపు వినిపించి ఆపుతారు. మళ్లీ కాసేపు. పదిహేను, ఇరవై నిమిషాలు చూసి, ఏదీ రాకపోతే లేచి ఇంకో చోటికి పోతారు. ఆ రాత్రి ఐదు చోట్ల కూర్చున్నాం. నాలుగు చోట్ల గడ్డి కదల్లేదు. ఐదో చోట వచ్చింది. అది నేరుగా స్పీకరు దగ్గరికి రాలేదు. పెద్ద అర్ధచంద్రాకారంలో చుట్టూ తిరిగి, స్పీకరు మీదుగా వచ్చే గాలి తన ముక్కుకి తగిలే చోటుకి చేరి ఆగింది. అరుపు చెవికి నిజమే అనిపించినా ముక్కు ఒప్పుకుంటే తప్ప అడుగు వేయదు. ఆ సంగతి తెలుసు కాబట్టే మావాడు గాలి ఎటు పోతోందో చూసుకుని, అది ఎక్కడ ఆగుతుందో ముందే లెక్క వేసి మమ్మల్ని కూర్చోబెట్టాడు.

వాడి తలకి ఎర్ర లైటు ఉంది. ఆ వెలుగులో ఆ జంతువు ముక్కు పైకెత్తి, చెవులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పుకుంటూ అలా నిలబడి ఉంది. తర్వాత వాడు కాల్చాడు. అది పడిపోయింది. ఆ వేట వాడికి చట్టం ఇచ్చిన హక్కు, ఆ పొలం రైతుకి అవసరం, నేను వాడిని ఏమీ అనలేదు. నా మనసులో మిగిలింది మాత్రం తుపాకీ పేలకముందు ఆ అరనిమిషం. మనూళ్లో ఇది ఒక్కసారి చూడాలి అని ఆ రాత్రే అనుకున్నాను.

ఈ సంక్రాంతికి వాడు వచ్చాడు. వచ్చే ముందే నేను ఈ టార్చి తెప్పించి పెట్టుకున్నాను. ఇక్కడి సంగతి వేరని వాడికీ తెలుసు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్కని చంపడమే కాదు, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, ఆ ప్రయత్నం చేయడం కూడా నేరం. అయినా ఫోన్లో కుందేలు కేక ఉందనీ, ఒక్కసారి పెట్టి చూద్దామనీ అడిగాడు. నేను ఒప్పుకోలేదు. చలికాలం చివర అవి జతకట్టే రోజులు. ఆకలి మీద తిరిగే జంతువుని లేని కుందేలు కోసం పరిగెత్తించడం నాకు ఇష్టం లేదు. పైగా వరిచేలో ఎలకల్ని తిని నాకు మేలు చేసే ప్రాణి అది. వాడు కాసేపు ఆలోచించి, "సరేరా, పిలవకుండా వచ్చేదాని కోసమే కూర్చుందాం" అన్నాడు.

మాకు తెలిసిన రైతు చెరువు ఒకటి సరుగుడు తోటకి ఆనుకునే ఉంది. అక్కడ కాపలా ఉండే పెద్దాయన్ని అడిగితే, "ఆయ్, రోజూ వస్తాయండి. చచ్చిన చేపలు ఆ మూల పారేస్తాం కదండి, తెల్లారేసరికి ఒక్కటీ ఉండదండి" అన్నాడు.

మొదటి రాత్రి మోటారు షెడ్డు పక్కన కూర్చున్నాం. రాత్రి రెండు దాకా ఏమీ రాలేదు. తిరిగి వస్తుంటే మావాడు గుప్పెడు పొడి ఇసుక తీసి వదిలాడు. అది సరుగుడు తోట వైపు ఎగిరింది. మా దగ్గర రాత్రి పొద్దుపోయాక నేల మీద నుంచి సముద్రం వైపు గాలి తిరుగుతుంది. మా వాసనంతా మేమే మోసుకెళ్లి వాటి ఇంటి గుమ్మంలో పెడుతున్నామన్నమాట. పుట్టినప్పటి నుంచీ ఆ గాలిలో ఉన్నవాణ్ణి, టెక్సాస్ నుంచి వచ్చినవాడు చెబితే అప్పుడు తట్టింది. రెండో రాత్రి చెరువు చుట్టూ తిరిగి పడమటి గట్టు చివరికి పోయి, గాలి మా చెంపకి తగిలేలా అడ్డంగా కూర్చున్నాం.

రెండో రాత్రి వచ్చాయి. పదకొండున్నరకి గట్టు మూల ఎండుటాకులు చప్పుడైంది. నేను ఎర్ర లైటు వేద్దామని బటన్ నొక్కాను. తెల్లది వెలిగింది. చెరువంతా పట్టపగలైంది. రెండు నక్కలు వెనక్కి తిరగడం మాత్రం కనిపించింది, మరుక్షణం లేవు. మావాడి చెయ్యి నా భుజం మీద అలాగే ఉండిపోయింది.

ఈ టార్చిలో అసలు లోపం ఇదే. బటన్ మొదటి నొక్కుకి తెలుపు ఫుల్, రెండో నొక్కుకి తెలుపు తక్కువ, మూడోదానికి ఎరుపు. ఎరుపుకి పోవాలంటే తెలుపు దాటే పోవాలి. మూడు సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకుంటే నేరుగా ఎరుపు వస్తుందని పెట్టెలోని కాగితంలో ఉంది. నా దాంట్లో రాలేదు. అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే మార్చి వేరేది పంపుతామన్నారు, ఆ తర్వాత జవాబు లేదు. చీకట్లో కూర్చునేవాడికి ఇది చిన్న లోపం కాదు. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్క తెల్ల మెరుపు పడితే అదంతా మళ్లీ మొదటికి. ఎరుపు అయితే ఆ ఇబ్బంది చాలా తక్కువ. నక్క వైపు నుంచి చూసినా అంతే. కుక్క జాతి కంట్లో రంగులు పట్టే కణాలు రెండు రకాలే, మనకి మూడు. ఎరుపు వాటికి మసకగా ఆనుతుంది. అందుకే ఆ వెలుగు మీద పడినా తల ఎత్తి చూస్తాయేమో గానీ అదిరిపోవు.

మర్నాడు పొద్దున తెల్ల లైటు అద్దం మీద నల్ల ఇన్సులేషన్ టేపు రెండు పొరలు అంటించాను. సమస్య తీరింది. కొనేవాళ్లు ఇంటికి రాగానే చేయాల్సిన మొదటి పని ఇదే. ఇక నడకకి వేరే టార్చి చేతిలో ఉండాలి. ఎలాగూ ఉండాల్సిందే. ఎరుపులో రంగులన్నీ ఒక్కటైపోతాయి, ఎండుటాకుకీ రక్తపింజరకీ తేడా తెలియదు. గట్ల మీద నడిచేటప్పుడు తెల్ల టార్చి, కాళ్లకి గమ్ బూట్లు. కూర్చున్నాకే ఎరుపు. దయచేసి ఇందులో ఎవరూ తొందరపడకండి.

మూడో రాత్రి ఒంటిగంట దాటాక కనిపించాయి. ముందు రెండు చుక్కలు. నిప్పురవ్వల్లా, నేలకి జానెడు ఎత్తున, చప్పుడు లేకుండా జరుగుతూ. వాటి కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, పడిన వెలుగుని అది వెనక్కి కొడుతుంది. ఈ లైటుతో కళ్లు అరవై అడుగుల దూరం నుంచే తెలుస్తాయి, ఒళ్లు కనపడాలంటే ముప్పై అడుగుల్లోకి రావాలి. వచ్చింది. వెనకే ఇంకోటి, కొంచెం చిన్నది. పెద్దది చేపని ముందు కాలి కింద తొక్కిపట్టి, తల పక్కకి వాల్చి, దవడ పళ్లతో కొరికింది. రెండు ముక్కలు నమిలాక ఆగేది. ఎడమ చెవి ఏరియేటర్ వైపు, కుడి చెవి మా వైపు. మళ్లీ కొరికేది. చిన్నది ఒక చేప నోట కరుచుకుని నాలుగడుగులు పోయి, అక్కడ పెట్టి, తిరిగొచ్చి ఇంకోటి తీసుకుంది. దాని పొట్ట కింద తడి ఇసుక అంటుకుని ఉంది, అది కూడా తెలిసింది. మావాడు నా మణికట్టు పట్టుకున్నాడు, వదల్లేదు. పెద్దది చివరికి ముక్కు ఎత్తింది. గాలి ఒక్క క్షణం తిరిగినట్టుంది. పరిగెత్తలేదు. మా వైపు చూసి, నడుచుకుంటూ సరుగుడు చెట్ల మధ్యకి వెళ్లిపోయింది. ఫోన్లో టైము చూస్తే నాలుగు నిమిషాలు.

మనవాళ్లు అదృష్టం పట్టినవాణ్ణి నక్క తోక తొక్కి వచ్చాడంటారు. ఆ నమ్మకాన్ని వాడుకుని నక్క కొమ్ము అని అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. నక్కకి కొమ్ము లేదు. మీ ఊరి తిరునాళ్లలో ఎవరైనా చూపిస్తే కొనకండి, ఫారెస్టు వాళ్లకి చెప్పండి.

నాలుగో రాత్రి పొగమంచు దట్టంగా పట్టింది. ఎర్ర లైటు మంచులో ఎర్రటి గోడ కట్టినట్టయింది, చెయ్యి చాపితే వేళ్లు కనపడలేదు. అలాంటి రాత్రి ఏ లైటూ పనిచేయదు. కానీ తెల్లారగట్ల ఏరియేటర్లు ఆపేశాక సరుగుడు తోటలో ఊళ మొదలైంది. ఇద్దరం అలాగే కూర్చుని మొత్తం విన్నాం. లేచాక మావాడు, "అక్కడ నేను పిలిస్తే వస్తాయి. ఇక్కడ ఇవి పిలిస్తే మనం కూర్చున్నాం" అన్నాడు.

మిగతా సంగతులు. ఎర్ర లైటు మీద ఒక్క ఛార్జింగుతో ఆ నాలుగు రాత్రులూ గడిచాయి. తెలుపు ఫుల్‌లో పెడితే మూడు గంటలకి మించి రాదు. ఎరుపుకి దీపం పురుగులు దాదాపు రావు, చేల దగ్గర కూర్చునేవాళ్లకి ఇది చాలా పెద్ద సుఖం. దోమలకి మాత్రం దీనితో పని లేదు, ఒళ్లంతా కప్పుకోవాల్సిందే. పెట్టె మీద ఐపీఎక్స్4 అని ఉంది. అంటే చినుకులకి ఫరవాలేదు, చెరువులో పడితే కాదు. మా ఉప్పుగాలికి రెండు నెలల్లోనే సెల్లు దగ్గర స్ప్రింగు పచ్చగా చిలుము పట్టింది. గరుకు కాగితంతో రుద్దితే మళ్లీ పనిచేస్తోంది. తలకట్టు ఎలాస్టిక్ సాగింది, ముడి వేశాను.

ఇంకొక్క మాట. జనవరి నుంచి మార్చి దాకా మన ఒడ్డున సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఈ లైటు ఉంది కదా అని ఆ నెలల్లో రాత్రి ఒడ్డుకి పోయి వెలుగు కొట్టకండి. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు సముద్రం మీది వెలుతురు ఆనవాలుగానే నీటి వైపు పోతాయి, మన లైటు వాటిని దారి తప్పిస్తుంది. నక్కలు ఆ గుడ్లు తవ్వి తింటాయన్నదీ నిజమే. దాన్ని చూసుకునే పని ఫారెస్టు వాళ్లది, గుడ్లు తీసుకెళ్లి కంచె వేసి పొదిగిస్తారు.

ఐదుకి మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి బటన్‌కే. ఎరుపుకి విడిగా బటన్ ఉన్నది మూడు వందలు ఎక్కువైనా దొరికితే అదే కొనండి. నేను మొన్న అలాంటిది ఇంకోటి ఆర్డర్ పెట్టాను. ఆ చెరువు దగ్గర పెద్దాయన అడిగాడు, చేపలు పారేసే మూలకి ఈసారి తనూ కూర్చుంటాడట.