ఫోన్ టార్చి సమీక్ష: గదిలో గట్టిదే, పొలం గట్టు మీద నమ్మొద్దు

విడిగా డబ్బు పెట్టి ఎవరూ కొనని వస్తువు ఇది. ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, బ్యాటరీ ఎంత అని నాలుగు షాపులు తిరిగి అడుగుతాం గానీ, టార్చి ఎలా ఉందని అడిగినవాళ్లు కనపడరు. కరెంటు పోతే మాత్రం చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. అందుకని దీన్నీ ఒక వస్తువుగా ముందు పెట్టుకుని చూద్దాం. తీర్పు ముందే చెప్పేస్తే: చేతికందేంత దూరంలో చేసుకునే పనికి ఇది చాలా మంచి దీపం. ఇరవై అడుగులు దాటితే వెలుతురు ఉన్నట్టే ఉంటుంది, చూపు మాత్రం ఆనదు.

వెనక కెమెరా పక్కన పసుప్పచ్చగా కనిపించే చుక్కే ఎల్ఈడీ. లోపలి చిప్పు ఇచ్చేది నీలం కాంతి. పైన ఉన్న పసుపు ఫాస్ఫర్ పూతలోంచి వచ్చేసరికి మనకు తెల్లగా కనిపిస్తుంది. ఫోటో తీసే క్షణంలో దానికి 1 ఆంపియర్ దాకా కరెంటు పోతుంది. సెకనులో చిన్న వంతే కాబట్టి తట్టుకుంటుంది. టార్చిగా నిమిషాల తరబడి వెలగాలంటే అందులో ఐదో వంతో, పదో వంతో ఇస్తారు, లేకపోతే వేడికి చెడిపోతుంది. అలా వచ్చే వెలుతురు మామూలు ఫోన్లలో 40-50 ల్యూమెన్ల దగ్గర ఆగుతుంది (దీపం ఇచ్చే మొత్తం వెలుతురుకు కొలత ల్యూమెన్). ‘సూపర్ బ్రైట్’ అంటూ ప్లే స్టోర్‌లో ఊరించే యాప్‌లు కంపెనీ పెట్టిన ఈ హద్దును దాటించలేవు.

అయినా అసలు తేడా ల్యూమెన్ల సంఖ్యలో లేదు, వెలుతురు పరుచుకునే తీరులో ఉంది. చేతి టార్చిలో బల్బు చుట్టూ లోతైన రిఫ్లెక్టర్ ఉండి కాంతిని ఒక్క దిక్కుకు తోస్తుంది. ఫోన్‌లో అంత లోతుకు చోటు లేదు, పైగా కెమెరా చూసే మేరంతా వెలుగు పడాలి కాబట్టి పల్చటి లెన్సుతో దాన్ని కావాలనే వెడల్పు చేస్తారు. ఒక చోట నిజంగా పడే వెలుతురుకు కొలత లక్సు. 50 ల్యూమెన్లు 75 డిగ్రీల మేర పరుచుకుంటే లెక్క ఇలా వస్తుంది: 1 మీటరు దూరంలో 35 లక్సుల పైచిలుకు, 3 మీటర్లకు 4, 5 మీటర్లకు ఒకటిన్నర, 10 మీటర్లకు అర లక్సు కూడా లేదు. నిండు పున్నమి వెన్నెల సుమారు పావు లక్సు. టార్చిలకు వాడే ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 ప్రమాణంలో ‘ఇంత దూరం కొడుతుంది’ అని రాసేది ఆ పావు లక్సు దగ్గరే. ఆ లెక్కన ఫోన్ టార్చి దూరం 12 మీటర్లు. కాగితం మీద బాగానే ఉంది కదా అనిపిస్తుంది గానీ, ఆ చివర కనిపించేది వెన్నెల్లో కనిపించేంతే.

రాత్రిపూట మడికి నీళ్లు మళ్లించడానికి వెళ్లేవాళ్లకు ఇది సరిపోదని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. కట్లపాము తిరిగేది రాత్రే. నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల చారలతో తడి మట్టిలో కలిసిపోతుంది. రక్తపింజరి ఎండుటాకుల్లో పడుకుంటే పగలే పోల్చుకోవడం కష్టం. గట్టు మీద నడిచేవాడికి నాలుగైదు అడుగుల ముందు స్పష్టంగా, పాతిక ముప్పై అడుగుల దాకా ఒక మోస్తరుగా కనపడాలి. ఆ పనికి బ్యాటరీ లైటో, తలకు కట్టుకునే చార్జింగ్ లైటో కావాలి. ఫోన్ జేబులో అత్యవసరానికి ఉండనివ్వండి, ఎవరికైనా కబురు చెయ్యాల్సి వస్తే చార్జింగ్ మిగలాలి.

2003లో వచ్చిన నోకియా 1100 గుర్తుందా? ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడైన ఫోన్ అది. దాని టార్చి పై అంచున ఉండేది, ఫోన్ ఎటు చూపిస్తే వెలుతురు అటే. ఇప్పటికీ చాలా కీప్యాడ్ ఫోన్లలో లైటు అక్కడే పెడుతున్నారు. స్మార్ట్‌ఫోన్‌లో అది వీపు మీదికి మారడంతో ముందుకు వెలుతురు పడాలంటే ఫోన్‌ను నిలువుగా, ఎదుటివాళ్లకు అద్దం చూపిస్తున్నట్టు పట్టుకోవాలి. మణికట్టు పది నిమిషాలకే లాగుతుంది. వెలుతురు విషయంలో ఇన్నేళ్లలో ముందుకు పోయాం గానీ, పట్టుకునే సుఖంలో మాత్రం నోకియాదే పైచేయి.

పట్టుకునే పద్ధతి మార్చితే ఇదే టార్చి ఎక్కువ చూపిస్తుంది. చాలామంది ఫోన్‌ను ముఖం ఎత్తున పెట్టి నడుస్తారు. అప్పుడు చూపూ వెలుతురూ ఒకే దారిలో పోతాయి, రాయి నీడ రాయి వెనకే దాక్కుంటుంది, నేలంతా చదునుగా కనిపిస్తుంది. చెయ్యి కిందికి వదిలేసి, మోకాలి కంటే కాస్త పైన, ఎల్ఈడీ ముందుకు ఉండేలా పట్టుకోండి. వెలుతురు ఏటవాలుగా పడి గుంతలకు, గులకరాళ్లకు పొడుగు నీడలు వస్తాయి. వానలో, పొగమంచులో కూడా ఇదే దారి. కంటి దగ్గర పెడితే చినుకుల మీద పడ్డ కాంతి తిరిగి కళ్లలోకే కొడుతుంది.

ఇంకో సంగతి. టార్చి వేశాక పవర్ బటన్ నొక్కి స్క్రీన్ ఆపెయ్యండి, టార్చి ఆరిపోదు. స్క్రీన్ వెలుగు ముఖం మీద పడుతున్నంతసేపూ కళ్లు చీకటికి అలవాటు పడవు. పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, పాడవడానికి ఒక్క చూపు చాలు.

వెలుతురు తగ్గించుకునే వీలుందన్న సంగతి ఉన్నవాళ్లలోనే చాలామందికి తెలియదు. శాంసంగ్‌లో పైనుంచి ప్యానెల్ కిందికి లాగి, టార్చ్ గుర్తును కాసేపు నొక్కి పట్టుకుంటే 5 మెట్ల స్లైడర్ వస్తుంది. ఐఫోన్‌లో కంట్రోల్ సెంటర్‌లో టార్చి బొమ్మను అలాగే నొక్కి పట్టాలి. ఐఫోన్ 14 ప్రో నుంచి వచ్చిన ప్రో మోడళ్లలో 2024 నాటి ఐఓఎస్ 18 వేసుకుంటే స్క్రీన్ పైభాగంలో టార్చి బొమ్మ తెరుచుకుంటుంది. వేలు పైకీ కిందికీ జరిపితే కాంతి పెరిగి తగ్గుతుంది, పక్కకు జరిపితే వెలుగు వెడల్పు మారుతుంది. ఫ్లాష్‌లో 9 ఎల్ఈడీలు ఉండటం వల్ల కుదిరిన పని అది, ఫోన్ టార్చిల్లో ఇంతవరకు వచ్చిన అసలైన మెరుగుదల కూడా అదే. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్ల సంగతి: 2022 నాటి ఆండ్రాయిడ్ 13 నుంచి ఈ ఏర్పాటు వ్యవస్థలోనే ఉంది, ఇవ్వడం మానడం ఫోన్ కంపెనీ ఇష్టం. ఖరీదైన ఫోన్లలో కూడా ఇవ్వనివాళ్లున్నారు, ఎందుకో వాళ్లకే తెలియాలి. పసిపిల్లల గదిలో, దోమతెరలో, రాత్రి బస్సులో కింద పడ్డ చెప్పు వెతుక్కోవడానికి మొదటి మెట్టు చాలు.

చీకట్లో గుర్తు వెతుక్కునే తంటా లేకుండా వెలిగించే దారుల్లో మోటోరోలాది అన్నింటికన్నా బాగుంది: ఫోన్ పట్టుకుని కూరగాయలు తరిగినట్టు రెండుసార్లు చెయ్యి విసిరితే వెలుగుతుంది, మళ్లీ రెండుసార్లు విసిరితే ఆరుతుంది. స్క్రీన్ చూడక్కర్లేదు, చేతికి మట్టి ఉన్నా ఫర్వాలేదు. పిక్సెల్‌లో వెనక రెండుసార్లు తట్టే క్విక్ ట్యాప్‌కు, ఐఫోన్ 15 ప్రోలోనూ ఐఫోన్ 16 మోడళ్లన్నింటిలోనూ పక్కనుండే యాక్షన్ బటన్‌కు టార్చిని కేటాయించుకోవచ్చు. ఏదీ లేకపోతే ‘హే గూగుల్, టార్చ్ ఆన్’ అనొచ్చు, పక్కన నిద్రపోయేవాళ్లు లేకపోతే.

బ్యాటరీ గురించి భయం ఎక్కువ, నిజం తక్కువ. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే దాదాపు 19 వాట్-అవర్లు. టార్చి పూర్తి వెలుతురులో సుమారు 1 వాట్ తాగుతుంది, ఫోన్ తన కోసం కాస్త వాడుకుంటుంది. గంటకు ఆరేడు శాతం అనుకోండి. స్క్రీన్ కూడా వెలుగుతుంటే ఆ ఖర్చు దాదాపు రెట్టింపు. టార్చి తినేసిందని తిట్టుకునే చార్జింగ్‌లో సగం స్క్రీన్‌దే. నిజమైన శత్రువు వేడి. ఎల్ఈడీకి అందిన కరెంటులో సగానికి పైగా వేడిగానే మారుతుంది, అది పోవడానికి ఫోన్‌లో విడిగా ఏర్పాటేమీ ఉండదు. మే నెల ఉక్కపోతలో చార్జింగ్ పెట్టి, మందపాటి పౌచ్‌తో, టార్చి కూడా వేస్తే కాసేపట్లో ఫోన్ వేడెక్కిందన్న హెచ్చరిక వచ్చి లైటు తానే ఆరిపోతుంది. చెడిపోలేదు, కాపాడుకుంటోంది. చార్జర్ తీసి, పౌచ్ విప్పి, చల్లారనివ్వండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల తేమ పేరుకుంటుంది.

టార్చి గుర్తు మసకబారి నొక్కినా పలకట్లేదంటే పది సందర్భాల్లో తొమ్మిదింట్లో కారణం కెమెరా. ఫ్లాష్ కెమెరాకూ టార్చికీ ఉమ్మడి ఆస్తి. ఏ యాప్ కెమెరా తెరిస్తే ఫ్లాష్ దాని చేతుల్లోకి పోతుంది. రాత్రి తోపుడు బండి దగ్గర టార్చి వేసి ఫోన్‌పే స్కానర్ తెరవగానే లైటు ఆరిపోయేది అందుకే. ఆ స్కానర్ తెర మీదే చిన్న టార్చి బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కాలి. గూగుల్ పేలోనూ అంతే. అలా వేసినా స్కాన్ కాలేదంటే క్యూఆర్ కోడ్ మీది లామినేషన్ చూడండి: ప్లాస్టిక్ మీద పడ్డ వెలుతురు సరిగ్గా గళ్ల నడుమ తెల్లటి మచ్చగా తిరిగొస్తుంది. ఫోన్‌ను ఇంకా దగ్గరికి పెట్టేకొద్దీ మచ్చ పెద్దదవుతుంది. ఒక అడుగు వెనక్కి జరిగి, ఫోన్‌ను ఒక పక్కకు వంచి, కావాలంటే జూమ్ చేస్తే మచ్చ గళ్ల బయటికి జారుకుంటుంది.

ఇక ఇంట్లో దీని అసలు సత్తా. దిద్దు శీల ఊడి పడిందనుకోండి. పైనుంచి టార్చి కొట్టి నేలంతా వెతికితే టైల్స్ మెరుపులో అది కనపడదు. గదిలో లైటు ఆపేసి, ఎల్ఈడీ నేలకు దగ్గరగా ఉండేలా ఫోన్‌ను తలకిందులుగా నేల మీదే ఆనించి, వెలుతురు నేలను రాసుకుంటూ పోయేలా నెమ్మదిగా ఒక మూల నుంచి తిప్పుతూ రండి. ఆవగింజంత వస్తువుకు కూడా జానెడు నీడ వస్తుంది, వెతకాల్సింది ఆ నీడనే. విరిగిన గాజు పెంకులు ఏరడానికి కూడా ఇదే మేలైన పద్ధతి.

కరెంటు పోయిన గదికి మొత్తం వెలుతురు కావాలంటే ఫోన్ బోర్లా పెట్టి ఎల్ఈడీ సీలింగ్ వైపు ఉండనివ్వండి. సున్నం వేసిన తెల్ల సీలింగ్ అయితే అన్నం తినడానికి సరిపడా వెలుతురు గదంతా పరుచుకుంటుంది. నీళ్ల సీసా దాని మీద పెట్టే చిట్కా పనిచేస్తుంది గానీ నీళ్లలో రెండు మూడు చుక్కలు పాలు కలిపితేనే కాంతి బాగా చెదురుతుంది. సీసా బయట తడి లేకుండా తుడవడం మరవకండి. ఎంసీబీ బోర్డు దగ్గర రెండు చేతులూ కావాలంటే ఫోన్‌ను వీపు బయటికి ఉండేలా చొక్కా జేబులో పెట్టండి, ఎల్ఈడీ జేబు అంచుకు పైన నిలుస్తుంది. వైర్ల రంగు మాత్రం ఈ వెలుతురులో ఖాయం చేసుకోవద్దు. ఇందులో ఎరుపు పాలు తక్కువ కాబట్టి ముదురు ఎరుపు, గోధుమ, మెరూన్ ఒకదానికొకటి దగ్గరగా కనిపిస్తాయి. చీరకు జాకెట్టు ముక్క జత చూడటానికి కూడా ఇది పనికిరాదు. గ్యాసు వాసన వస్తున్న వంటింట్లో టార్చి కోసం అసలు ఫోనే తియ్యొద్దు. రెగ్యులేటర్ మూసి, తలుపులు తెరిచి, బయటికొచ్చాక 1906కు చెయ్యండి.

టార్చి యాప్‌లు ఇప్పుడు అనవసరం. 2014 నాటి ఆండ్రాయిడ్ 5 నుంచి, ఐఫోన్‌లో 2013 నాటి ఐఓఎస్ 7 నుంచి టార్చి ఫోన్‌లోనే ఉంది. అంతకుముందు కోట్ల మంది దించుకున్న ‘బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్’ అనే యాప్ వాడేవాళ్లున్న చోటు వివరాలను ప్రకటనల కంపెనీలకు పంపుతోందని 2013లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది. లైటు వెలిగించే యాప్ కాంటాక్టులు, లొకేషన్ అడుగుతోందంటే వెంటనే తీసెయ్యండి.

పౌచ్ సంగతి ఒక్క మాట. ఎల్ఈడీ రంధ్రం ఇరుకైనా, పారదర్శక పౌచ్ అంచు పసుపెక్కినా వెలుతురు తగ్గుతుంది. కెమెరా మీద అతికించే గాజు ఫ్లాష్‌ను కూడా కప్పేస్తే కాంతి ఆ గాజులోనే పక్కకు పాకి రాత్రి ఫోటోలన్నీ పొగ పట్టినట్టు వస్తాయి.

వెలగనే వెలగకపోతే వరసగా ఇలా చూడండి. తెరిచి ఉన్న యాప్‌లన్నీ మూసి, వీడియో కాల్ ఉంటే కట్ చేసి మళ్లీ నొక్కండి. చార్జింగ్ బాగా అడుగంటితే కొన్ని ఫోన్లు ఫ్లాష్ ఇవ్వవు, కాసేపు చార్జింగ్ పెట్టండి. ఫోన్‌ను ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండి. తర్వాత కెమెరాలో ఫ్లాష్ ‘ఆన్’ అని పెట్టి, ‘ఆటో’ కాదు, ఒక ఫోటో తీయండి. ఫోటోకు మెరిసి టార్చిగా వెలగకపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌ది, అప్‌డేట్‌తో పోవచ్చు. రెండూ లేకపోతే తప్పు ఎల్ఈడీదో, దాన్ని బోర్డుకు కలిపే పల్చటి పట్టీ తీగ ఫ్లెక్స్‌దో. వెనక గాజు మార్పించిన వెంటనే ఇలా అయితే ఫ్లెక్స్ సరిగా కూర్చోలేదని అనుమానించి అదే షాపుకు వెళ్లండి. కొన్ని ఐఫోన్లలో పవర్ బటన్‌కూ ఫ్లాష్‌కూ ఒకటే ఫ్లెక్స్ కాబట్టి ఒకటి బాగుచేస్తే రెండోది పోవడం మామూలే. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు టార్చి వేసి ఐదు నిమిషాలు అలాగే వదిలెయ్యండి. మినుకుమన్నా, ఒక పక్క నీలంగా మారినా బేరం తగ్గించడానికి అది చాలు.