తీరంలోని చిన్న ఊరికి మురుగు శుద్ధి: ఇంటింటికో గుంతా, ఊరికో ప్లాంటా?

ముందు ఒక గుంత తవ్వి చూడాలి. ఊట ఎంత లోతులో తగులుతోంది? ఎండాకాలంలో చూస్తే లాభం లేదు. బాగా వానలు పడ్డాక, సముద్రం పోటు మీదున్నప్పుడు చూడాలి. ఏది మేలన్న వాదన సగం అక్కడే తేలిపోతుంది.

అందరికీ తెలిసింది ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు, పక్కనే ఇంకుడు గుంత. కరెంటు అక్కర్లేదు, ఎవరిది వాళ్లే చూసుకోవచ్చు. కానీ ట్యాంకు చేసేది సగం పనే. బరువైనవి అడుగుకు చేరతాయి, జిడ్డు పైన తెట్టు కడుతుంది, మధ్యలోని నీళ్లు బయటికి పోతాయి. చూడ్డానికి కాస్త తేటగా ఉన్నా వాటిలో రోగక్రిములు బోలెడు. మిగతా సగం నేల చేయాలి. అందుకు గుంత అడుగుకీ ఊటకీ మధ్య సుమారు 2 మీటర్ల పొడి నేల ఉండాలంటారు. తీరం పక్కన అంత ఎక్కడ దొరుకుతుంది? పైగా ముతక ఇసుక నేలైతే నీళ్లు చకచకా దిగిపోతాయి. "మా గుంత ఎప్పుడూ నిండదు" అని మురిసిపోతారు గానీ, అంత వేగంగా దిగాయంటే సరిగ్గా వడపోత జరగలేదనే అర్థం. ఆ నీళ్లు పక్కింటి బావిలోనో, ఉప్పుటేరులోనో తేలతాయి. ఆల్చిప్పలు ఏరుకుని తినే చోటైతే మరీ ప్రమాదం. అవి నీటిని వడకట్టుకుని బతుకుతాయి కాబట్టి క్రిములను ఒంట్లో పోగేసుకుంటాయి.

బ్లోవర్లతో గాలి ఊది నడిపే ప్లాంటు తక్కువ జాగాలో ఇమిడిపోతుంది. బాగా నడిపితే నీళ్లూ శుభ్రంగా వస్తాయి. ఆ "బాగా నడిపితే" దగ్గరే నా అనుమానమంతా. మురుగును తినే బ్యాక్టీరియాకు గాలి ఆగకుండా అందాలి. కరెంటు చాలాసేపు పోతే కంపు మొదలవుతుంది. ఉప్పుగాలికి మోటార్లు తుప్పు పడతాయి. పైపుల అతుకుల్లోంచి ఉప్పునీరు చొరబడితే బ్యాక్టీరియా దెబ్బతింటుంది, కాంక్రీటును తినేసే విషవాయువు కూడా పెరుగుతుంది. పని తెలిసిన మనిషి రోజూ దగ్గరుండాలి. జాగా లేక, ఆ మనిషి దొరికితే మాత్రం ఇదే దారి.

జాగా ఉంటే నా ఓటు మూడోదానికి. ఇళ్ల దగ్గర ట్యాంకులు ఉంచి, ఇంకుడు గుంతలు మాత్రం మూసేసి, తేరిన నీటిని సన్న పైపుల్లో ఊరి బయట మెరకలో ఉన్న జమ్ము మడికి, అంటే కంకర నింపి జమ్ము నాటిన మడికి, శుద్ధి కోసం పంపడం. గట్టి పదార్థం ట్యాంకులోనే ఆగిపోతుంది కాబట్టి పైపులకు పెద్ద వాలు అక్కర్లేదు. మెరకకు ఎక్కించడానికి ఒక చిన్న పంపు కావాలి, అంతే. మడిలో నీళ్లు పైకి తేలకుండా కంకర లోపలే పోతాయి, దోమలకు చోటుండదు. మనిషికి 5 నుంచి 10 చదరపు మీటర్లు కావాలి, అంటే 500 మందికి పావు నుంచి అర హెక్టారు. క్రిములు పూర్తిగా పోవు కనుక చివర ఎండ తగిలే లోతు తక్కువ చెరువొకటి ఉంటే మంచిది.

దీనికీ ఒక మెలిక ఉంది. ట్యాంకులు రెండు నుంచి అయిదేళ్లకోసారి తోడించకపోతే బురద వచ్చి కంకరను పూడ్చేస్తుంది. అలాగని వానాకాలంలో పూర్తిగా ఖాళీ చేయిస్తే చుట్టూ ఉన్న ఊట తేలికపాటి ట్యాంకును పైకి లేపేస్తుంది. తోడిన బురదను ఎక్కడ ఆరబెడతారో కూడా మడికి స్థలం చూసేటప్పుడే తేల్చుకోవాలి. లేదంటే ట్యాంకర్ చీకటి పడ్డాక సముద్రం ఒడ్డుకే వెళ్తుంది.