పర్లాకిమిడిలో కిండిల్ పేపర్‌వైట్: ఏళ్ల తరబడి చదివాక

కొత్త ఫోనో రీడరో మార్కెట్లోకి వచ్చిన వారంలోనే సమీక్షలు వచ్చేస్తాయి. బరువెంత, తెర ఎంత బాగుంది, పెట్టెలో ఏమేం ఇచ్చారు అన్న సంగతులన్నీ వాటిలో దొరుకుతాయి. నాలుగు వానాకాలాలు గడిచాక ఆ వస్తువు ఎలా ఉంటుందో, ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని చేతిలోకి తీసుకుంటారో లేదో, మన భాష అందులో ఎంతవరకు ఇముడుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. 2018 చివర్లో విడుదలైన కిండిల్ పేపర్‌వైట్ అనే అమెజాన్ వారి ఈ-పుస్తకాల రీడర్‌ను నేను ఆ మరుసటి ఏడాది కొన్నాను. తర్వాత 2021లో ఒక తరం, 2024లో మరో తరం వచ్చాయి. నేను ఇప్పటికీ ఆ పాతదాన్నే రోజూ చదువుతున్నాను. ఇంగ్లీషు నవలలకు ఇంతకన్నా మంచి వస్తువును నేను వాడలేదు. తెలుగు చదవాలంటే మాత్రం మనమే కొంత శ్రమపడాలి. ఆ శ్రమకు తగ్గ ఫలితం ఉంది కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. పాతపట్నం దాటగానే వచ్చే ఒడిశా పట్టణం, గజపతి జిల్లా కేంద్రం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంతో పాటు మా జిల్లా కూడా కకావికలమైంది. స్తంభాలు కూలిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. ఫోను ఆరిపోయాక చదవడానికీ చూడడానికీ ఏమీ మిగల్లేదు. ఛార్జింగు మీద అంతగా ఆధారపడని పరికరం కావాలన్న ఆలోచన అప్పుడే గట్టిపడింది. తుపానులు లేని ఏడాదిలోనైనా మా వైపు గాలివాన వస్తే కరెంటు పోవడం మామూలే. అందుకే పట్నంలో కూర్చుని రాసేవారికి పెద్దగా పట్టని బ్యాటరీ సంగతి నాకు మొదటి ప్రశ్న.

దీని తెర పనిచేసే తీరు నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. తెరలో వెంట్రుక మందం పాటి గుళికలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో గుళికలో ద్రవం, ఆ ద్రవంలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు. ఒకదానిది ధనావేశం, రెండోదానిది రుణావేశం. విద్యుత్ క్షేత్రం తగలగానే ఒక రంగు రేణువులు పైకి తేలతాయి, రెండోవి అడుక్కు పోతాయి. అంతటితో పని పూర్తయినట్లే. మళ్లీ పేజీ తిప్పేదాకా అక్షరాలు అలాగే నిలిచి ఉంటాయి. వాటిని నిలబెట్టడానికి చుక్క విద్యుత్తు అక్కర్లేదు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ ఆలోచనతో 1997లో ఈ-ఇంక్ సంస్థ మొదలైంది. 2004లో సోనీ జపాన్‌లో దీనితో రీడర్ అమ్మింది. 2007 నవంబరులో మొదటి కిండిల్ వచ్చింది. ఎండలో ఫోను తెర మసకబారుతుంది. ఇది మాత్రం అచ్చు కాగితంలా ఎండ పడేకొద్దీ స్పష్టమవుతుంది. చీకట్లో చదవడానికి అంచున ఐదు ఎల్‌ఈడీలు ఉన్నాయి. వాటి వెలుగు కంట్లోకి కాకుండా తెర మీదికి ప్రసరిస్తుంది. రాత్రి ఎక్కువసేపు చదివినా కళ్లు మండకపోవడానికి నా మటుకు అదే కారణం.

బ్యాటరీ ఆరు వారాలు వస్తుందని ప్రకటనలో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని చదవాలి: రోజుకు అరగంట, వైఫై ఆపేసి, వెలుగు 13వ మెట్టు మీద ఉంచితే ఆరు వారాలట. అంటే మొత్తం 21 గంటలు. రోజుకు రెండు గంటలు చదివేవారికి అది పది రోజులు. నా అనుభవం కొత్తలో దాదాపు ఆ లెక్కకే సరిపోయింది. ఇప్పుడు కొంత తగ్గింది, ఇన్నేళ్లు వాడిన లిథియం బ్యాటరీకి అది సహజమే. పది రోజులు కాస్తా వారమైనా ఫోనుతో పోలిస్తే అది వరమే. సాంకేతిక వార్తలు చదివేటప్పుడు నాకు అబ్బిన అలవాటు ఇదే: వారాల్లో చెప్పిన ప్రతి అంకెనూ గంటల్లోకి మార్చి చూసుకుంటాను. అప్పుడే రెండు పరికరాలను నిజంగా పోల్చగలం.

నీటి విషయంలో ఐపీఎక్స్8 ప్రమాణం ఉంది. రెండు మీటర్ల లోతు మంచినీళ్లలో గంటసేపు తట్టుకుంటుందన్నమాట. నేను అంత పరీక్ష పెట్టలేదు గాని, గుణుపురం రైల్లో కిటికీ పక్కన కూర్చుని వానలో తడుపుకుంటూ చదివాను. పరికరానికి ఏమీ కాలేదు. చదువు మాత్రం సాగలేదు. తెర మీద చినుకు పడితే అది వేలు అనుకుని పేజీ తిప్పేస్తుంది. రెండు చినుకులు పడితే ఎక్కడున్నామో వెతుక్కోవాలి. పేజీ తిప్పడానికి పక్కన నిజమైన బొత్తాలు ఉంటే ఈ బాధ ఉండేది కాదు. కిండిల్‌లో అవి ఒకప్పుడు ఖరీదైన మోడళ్లకే ఎందుకు పరిమితమయ్యాయో నాకు అర్థం కాదు. తడిచే చోట చదివేవారికే గదా వాటి అవసరం ఎక్కువ.

నేను ఎక్కువగా చదివేది సైన్స్ ఫిక్షన్. 182 గ్రాముల ఈ పలక చేతిలో ఉంటే వెయ్యి పేజీల నవలకూ వంద పేజీల కథకూ బరువు ఒకటే. పడుకుని చదివే అలవాటున్న నాకు ఇదొక్కటి చాలు. పాత రచనలు ఉచితంగా దొరుకుతాయి. మన దేశంలో కాపీహక్కు రచయిత మరణించాక అరవై ఏళ్లు ఉంటుంది కాబట్టి 1946లో కన్నుమూసిన హెచ్.జి. వెల్స్ రచనలు 2007 నుంచి అందరివీ అయ్యాయి. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఉచిత పుస్తకాల వెబ్‌సైట్‌లో దించుకుంటే పైసా ఖర్చు లేదు. తెలియని మాట మీద వేలు నొక్కి పట్టుకుంటే నిఘంటువు తెరుచుకుంటుంది. ఇంగ్లీషు మాధ్యమంలో చదువుకోని నాలాంటివారికి ఇది పెద్ద అండ. లోటు ఒకటుంది. ఈ రకం నవలల్లో గ్రహాల పటాలు, వంశవృక్షాలు ముందు పేజీల్లో ఇస్తారు. కథ మధ్యలో వెనక్కి వెళ్లి వాటిని చూసి రావడం కాగితం పుస్తకంలో క్షణం పని. ఇందులో విసుగు పుట్టిస్తుంది. ఆరు అంగుళాల బూడిదరంగు తెర మీద ఆ పటాలు ఆనవు కూడా. పటాలున్న పుస్తకాన్ని నేను ఇప్పటికీ కాగితం మీదే కొంటాను.

ఇక తెలుగు. 2016 డిసెంబరులో కిండిల్ భారతీయ భాషల్లోకి అడుగుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. ఆ ఐదింటిలో తెలుగు లేదు. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో మన లిపి 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే ఉంది. కాబట్టి లిపి దొరకలేదనడానికి వీల్లేదు. మన వైపు తప్పు కూడా ఉంది. తెలుగు ప్రచురణ ఏళ్లకేళ్లు యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లలోనే నడిచింది. ఆ ఫైళ్లను ఈ-పుస్తకంగా మార్చబోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. దానితో మనకు మిగిలింది పాత పుస్తకాల స్కానింగు పీడీఎఫ్‌లు. డెమీ సైజు పేజీని ఆరు అంగుళాల తెర మీద పెడితే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. పేజీని ముక్కలుగా కోసి పెద్దది చేసే ప్రోగ్రాములు ఉన్నాయి. ఇంగ్లీషుకు బాగానే పనిచేస్తాయి. మన వరుసల కింద ఒత్తులు వేలాడతాయి కదా, వాటితోనే చిక్కు. ఒక పాత నవలను అలా కోయించి చూస్తే ‘రాష్ట్రం’లోని ఒత్తులు పై వరుస నుంచి ఊడిపోయి కింది వరుస నెత్తిన కూర్చున్నాయి. ప్రతి పేజీలోనూ అదే వరస. చదవలేకపోయాను.

చివరికి కుదిరిన దారి ఇది. తెలుగు వికీసోర్స్ అనే వెబ్‌సైట్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవారు పాత పుస్తకాలను పేజీ పేజీ టైపు చేసి, అచ్చుతప్పులు దిద్ది పెట్టారు. అక్కడి నుంచి ఈపబ్ (ఈ-పుస్తకాలకు వాడే ఒక రకం) ఫైలు దించుకుంటాను. క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తెరిచి, మళ్లీ పీడీఎఫ్‌గా మారుస్తాను. పేజీ కొలత మాత్రం ఏ4 కాదు, సరిగ్గా ఈ తెర కొలతే: వెడల్పు 91 మిల్లీమీటర్లు, ఎత్తు 122. అంచుల ఖాళీ దాదాపు సున్నా. ఫాంటు పేరు ‘మండలి’. ఇలా చేస్తే గుణింతాలనూ ఒత్తులనూ కూర్చే పని కంప్యూటరే పూర్తి చేసేస్తుంది, రీడర్ దాన్ని ఉన్నది ఉన్నట్లు చూపిస్తే చాలు. అంగుళానికి 300 చుక్కల తెర మీద తెలుగు అక్షరం ఎంత ముద్దుగా ఉంటుందో చూస్తే గాని తెలియదు. ‘జ్ఞ’లో మెలిక, ‘ఋ’ చివరి కొమ్ము, ‘క్ష్మి’లో మకారపు ఒత్తు ఏదీ అలుక్కుపోదు. చౌక కాగితం మీద సిరా పాకిన అచ్చు కంటే ఇదే శుభ్రంగా ఉంది.

రెండు జాగ్రత్తలు. వరుసలను రెండు అంచులకూ సమంగా సర్దమని చెప్పకండి. తెలుగు మాటలు పొడవు, ఇరుకు వరుసలో మూడు నాలుగే పడతాయి, సమంగా సర్దితే మధ్యలో గోతుల్లాంటి ఖాళీలు వస్తాయి. ఎడమ అంచుకు వదిలేయండి. రెండోది, పీడీఎఫ్‌లో అక్షరాల పరిమాణాన్ని తర్వాత మార్చుకునే వీల్లేదు. అందుకని ప్రతి పుస్తకాన్నీ రెండు సార్లు తయారుచేస్తాను, 13 పాయింట్లతో నాకు, 20 పాయింట్లతో మా నాన్నగారికి. ఆయనకు కంటి ఆపరేషన్ అయ్యాక పుస్తకం పట్టడం మానేశారు. మొదట పెద్దగా ఆసక్తి చూపలేదు. ఇప్పుడు మధ్యాహ్నం భోజనమయ్యాక రీడర్ నాకు దక్కదు. మా మేనకోడలు ఒడియా మాధ్యమంలో చదువుతోంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, చదవడం కూడబలుక్కుంటూ ఇప్పుడిప్పుడే వస్తోంది. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠం చెప్పిన ఊళ్లో తెలుగు పిల్లలకు తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్పుకోవలసి వస్తోంది. తాతగారి 20 పాయింట్ల ప్రతి ఆ పిల్లకు కూడా సరిగ్గా అమరింది. పక్కపక్కన కూర్చుని ఒకే పేజీ చదువుతారు, పేజీ తిప్పే హక్కు మాత్రం ఆ అమ్మాయిదే. ఈ కారణానికే నేను ఈ పరికరానికి ఎక్కువ మార్కులు వేస్తాను.

కొనే పుస్తకాల విషయంలో నా అభిప్రాయం మారింది. 2025 ఫిబ్రవరి 26 నుంచి, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించి కేబుల్‌తో ఎక్కించుకునే సదుపాయాన్ని అమెజాన్ ఆపేసింది. మనం డబ్బు కట్టేది పుస్తకానికి కాదు, చదువుకునే అనుమతికి. 2009లోనే జార్జ్ ఆర్వెల్ నవల ప్రతులను హక్కుల వివాదం వల్ల పాఠకుల కిండిల్స్ నుంచి వారికి చెప్పకుండా తీసేశారు, తర్వాత క్షమాపణ చెప్పారు. అందుకే, దాచుకోవాలనుకున్న పుస్తకాన్ని కాగితం మీద కొంటున్నాను. ఒకసారి చదివి వదిలేసేవే ఇందులో కొంటున్నాను. మన సొంత ఫైళ్లను కేబుల్‌తో ఎక్కించుకోవడానికి ఇప్పటికీ అడ్డు లేదు, నా తెలుగు పుస్తకాలన్నీ అలాగే వెళ్తాయి.

కొత్త మోడళ్ల మీద నాకు పెద్దగా ఆశ లేదు, ఒక్కటి తప్ప. 2021 మోడల్లో తెర 6.8 అంగుళాలు, సీ-రకం ఛార్జింగు, వెలుగును పసుపు ఛాయకు మార్చుకునే వీలు వచ్చాయి. ఆ పసుపు వెలుగు రాత్రి చదివేవారికి నిజంగా సుఖం, పక్కింటి వాళ్ల దగ్గర చూశాను. 2024 మోడల్లో పేజీ తిరిగే వేగం 25 శాతం పెరిగిందన్నారు. నా పాతదాంట్లో పేజీ తిరిగేలోగా కథేమీ ఆగిపోవడం లేదు. రంగుల తెర ఉన్న మరో రకం కిండిల్‌లో బొమ్మలు అంగుళానికి 150 చుక్కలే, నలుపు తెలుపులో సగం. కామిక్స్ చదివేవారు చూసుకోవచ్చు. ఇంట్లో పిల్లలు ఆడే చేతి గేమింగ్ పరికరానికి సెకనుకు అరవై ఫ్రేములు ప్రాణం. దానికి ఆ వేగం కావాలి, ఆ వేగానికి తగ్గట్టే కొద్ది గంటల్లో ఛార్జరు అడుగుతుంది. పుస్తకానికి ఆ పరుగు అక్కర్లేదు. రెండింటినీ ఒకే కొలబద్దతో కొలిచే వార్తలను నేను నమ్మను.

2018 నాటి మోడల్ పాతది ఎవరైనా అమ్ముతుంటే కొనవచ్చు, చూసుకోవలసినవి చూసుకుంటే. చీకటి గదిలో వెలుగు పూర్తిగా పెంచి, అడుగు అంచున నీడలు ఉన్నాయేమో చూడండి. ఛార్జింగు రంధ్రం పాత మైక్రో రకానిది. కేబుల్ పెట్టి కాస్త కదిపి, ఛార్జింగు తెగిపోతోందేమో గమనించండి. మా బజార్లో కొన్న ఒక చౌక కేబుల్ వదులుగా కూర్చుని, రాత్రంతా పెట్టినా ఎక్కించేది కాదు. కేబుల్ మార్చగానే సరిపోయింది. అమ్మేవారి ఖాతాను అందులోంచి తొలగించే పని మీ కళ్లెదుటే చేయించుకోండి, లేకపోతే అది మీ పేరు మీదికి రాదు. తెలుగు కోసమే కొంటున్నట్లయితే, కొనక ముందే ఇంట్లో ఒక కంప్యూటరు, దాని ముందు ఆదివారం పూట కూర్చునే ఓపిక ఉన్న మనిషి ఉన్నారో లేదో చూసుకోండి.